సివిలైజేషన్ 6: సరిహద్దు నగరానికి గవర్నరా, కాపలా దళమా?

సివిలైజేషన్ 6 కంప్యూటర్ గేమ్‌కి 2018లో రైజ్ అండ్ ఫాల్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పటి నుంచి ఇదే తలనొప్పి. కష్టపడి కట్టిన నగరం, పక్కవాడి జనాభా ఒత్తిడికి లాయల్టీ (మన మీద విధేయత) సున్నాకి పడి, ఫ్రీ సిటీ (ఎవరి కిందా లేని నగరం) అయి కూర్చుంటుంది.

లాయల్టీ ఎంత వస్తుంది: గవర్నర్‌ని (నగరాన్ని చూసుకునే అధికారిని) పెడితే టర్నుకి +8. లిమిటానై అనే పాలసీ కార్డు వేసి నగరంలో సైనికుణ్ని నిలబెడితే +2.

ఖర్చు: గవర్నర్‌కి ఒక టైటిల్ (గవర్నర్‌ని నియమించడానికి వాడే పాయింటు) పోతుంది, అవి తేలిగ్గా దొరకవు. కాపలాకి ఒక వారియర్ చాలు, వాడికి మెయింటెనెన్స్ కూడా లేదు. కాకపోతే ఒక మిలిటరీ కార్డు స్లాట్ పోతుంది.

రిస్క్: గవర్నర్‌ని వేరే ఊరికి మార్చారా, ఆ +8 కూడా ఆయనతోనే పోతుంది. సైనికుణ్ని యుద్ధానికి లాగినా అంతే, కానీ పోయేది రెండే.

మొన్న నా నగరం ఒకటి టర్నుకి −11లో ఉంది. అలా వదిలేస్తే 100 లాయల్టీ పది టర్నుల్లో ఖాళీ. కాపలా పెడితే −9, అంటే ఇంకో రెండు టర్నులు ఊపిరి, అంతే. గవర్నర్‌ని పంపితే −3. ముప్పై టర్నులు దాటి నిలుస్తుంది, ఈలోగా పక్కనే ఇంకో నగరం కట్టుకోవచ్చు.

ఒక్క నగరం బాగా జారుతుంటే గవర్నరే. నాలుగైదు నగరాలు తలా −1, −2తో ఊగుతుంటే లిమిటానై. పట్టుకున్న ఊళ్లు గుంపుగా ఉంటే మాత్రం విక్టర్ అనే గవర్నర్‌ని చూడండి. గారిసన్ కమాండర్ ప్రమోషన్‌తో 9 టైల్స్ (మ్యాప్ మీది గడులు) లోపలి మీ మిగతా నగరాలకీ +4 ఇస్తాడు.