ఆధారశిల శిక్షణ: మూడు రోజులు సరే, నాలుగో రోజు?

వైజాగ్ బస్తీల్లోని అంగన్‌వాడీ టీచర్ల కోసం కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువూ) కింద ఇచ్చే మూడు రోజుల శిక్షణ గురించి మా మాట: సరుకు మంచిది, వెంట ఉండి చూసేవాళ్లు ఉంటేనే నిలుస్తుంది. విషయానికి ఐదుకు నాలుగు ఇస్తాం.

ఈ శిక్షణలో నేర్పే ‘ఆధారశిల’ 3–6 ఏళ్ల పిల్లలకు 2024లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక. మొత్తం 48 వారాలు. మొదటి 4 పిల్లలు కేంద్రానికి అలవాటు పడటానికి, తర్వాతి 36 ఆటకీ మాటకీ చేతిపనికీ, చివరి 8 వర్క్‌షీట్లకీ నెమరేతకీ. ఆ మొదటి నాలుగే దీని ప్రాణం. అమ్మ కొంగు వదలని బిడ్డకు అక్షరాలేం తలకెక్కుతాయి?

చిక్కు గది దగ్గరే. జాలరిపేటలోనో ఆరిలోవ కొండవాలులోనో ఉన్న ఒంటిగది కేంద్రంలో ఒక్కో ఆటకు ఒక్కో మూల కేటాయించే చోటుండదు. బొమ్మలు, బిళ్లలు, పుస్తకాలు వేర్వేరు బుట్టల్లో సర్ది రోజుకు రెండే దించాలి. అన్నీ పరిస్తే కొట్లాటే.

గవ్వలాటే చూడండి. గవ్వల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, అంచు విరిగినవి ఏరేసి, పెద్దవీ చిన్నవీ కలిపి పోయాలి. “ఏవేవి ఒకచోట పెడదాం?” అని అడిగి ఆగాలి. తప్పు జరిగేది ఇక్కడే. టీచరే “పెద్దవి ఇటు, చిన్నవి అటు” అనేస్తారు, ఆపైన “అర్థమైందా?” అంటారు. పిల్లలంతా ఒకే గొంతుతో “అయ్యింది టీచర్!” మనసులో ఐదు లెక్కపెట్టాకే నోరు తెరిస్తే ఆ పూటే తేడా తెలుస్తుంది. సైజు కుదిరాక రంగు, లెక్క ఆ తర్వాతే. మూడేళ్ల లోపు చెల్లో తమ్ముడో పక్కనుంటే గవ్వలు తీసేయాలి, గొంతులో అడ్డుపడతాయి.

ఇది హాల్లో కూర్చోబెడితే వచ్చేది కాదు. నెలలోపు ఎవరైనా కేంద్రంలో గంటసేపు కూర్చుని ఒక్క ఆట చూడాలి. పిల్లలు వెళ్లాక పది నిమిషాలు మాట్లాడాలి: బాగా చేసింది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి. వచ్చినవాళ్లు రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు చూసి వెళ్లిపోతే టీచర్ మళ్లీ పలక దిద్దుడుకే వచ్చేస్తారు. పక్క కాన్వెంట్‌లో ఏబీసీడీలు రాయిస్తున్నారని తల్లుల ఒత్తిడి ఎలాగూ ఉంటుంది. పిండి పిసకడం, కాగితం చింపడం, పూసలు గుచ్చడం రాతకు వేళ్లను సిద్ధం చేస్తాయని వాళ్లకు చేసి చూపించడం కూడా నేర్పాలి.

ఆయాకూ కనీసం ఒక పూట శిక్షణ ఇవ్వాలి. టీచర్ ఐదారుగురితో గవ్వలాట ఆడిస్తుంటే మిగతా పిల్లల్ని చూసుకునేది ఆమే.