ఐబీ లెక్కలు: ఏఏ మేలా, ఏఐ మేలా?

ఐజీసీఎస్‌ఈ (కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష) రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా పిల్లలను ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే రెండేళ్ల ప్లస్ టూ చదువులో చేర్చే తల్లిదండ్రులందరిదీ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, లెక్కల్లో ఏఐ ఈజీ అంట కదా, మావాడికి అదే పెట్టేద్దామా?" కొందరైతే ఏఐ అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనుకుని సంబరపడుతున్నారు కూడా. ఇక్కడ ఏఐ అంటే అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్. ఏఏ అంటే అనాలసిస్ అండ్ అప్రోచెస్. 2019లో మొదలైన కోర్సులివి, మొదటి పరీక్షలు 2021లో జరిగాయి. రెండింటిలోనూ ఎస్‌ఎల్ (స్టాండర్డ్ లెవెల్) అని 150 గంటల కోర్సు, హెచ్‌ఎల్ (హయ్యర్ లెవెల్) అని 240 గంటల కోర్సు ఉంటాయి. అంటే ఎంచుకోవాల్సింది నాలుగింటిలో ఒకటి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంజినీరింగ్, ఫిజిక్స్, లెక్కల వైపు వెళ్లే పిల్లలకు ఏఏ హెచ్‌ఎల్. ఏం చదవాలో ఇంకా తేల్చుకోని పిల్లలకు, ఆల్జీబ్రా అంటే మరీ భయం లేకపోతే, ఏఏ ఎస్‌ఎల్. సైకాలజీ, డిజైన్, జర్నలిజం లాంటివి ముందే ఖాయం చేసుకున్నవాళ్లకు ఏఐ ఎస్‌ఎల్ హాయిగా సరిపోతుంది. ఇక ఏఐ హెచ్‌ఎల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దెబ్బతినేది అక్కడే.

ఇంటర్‌లో ఎంపీసీ చదివిన తల్లిదండ్రులకు ఏఏ సిలబస్ చూస్తే పాత స్నేహితుడు కనబడినట్టే ఉంటుంది. లాగరిథమ్స్, ట్రిగొనామెట్రీ, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, హెచ్‌ఎల్‌లో కాంప్లెక్స్ నంబర్స్, వెక్టర్స్, ఇండక్షన్. పేపర్ 1కి కాలిక్యులేటర్ ఉండదు. తేడా అంతా రాసే తీరులో ఉంది. ఒకసారి సైన్ 2ఎక్స్ = కాస్ ఎక్స్ అని బోర్డు మీద రాసి, 0 నుంచి 180 డిగ్రీల మధ్య ఎక్స్ విలువలు కనుక్కోమన్నాను. ఒకమ్మాయి ఎడమవైపు 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ అని విడదీసి, రెండువైపులా కాస్ ఎక్స్ కొట్టేసి, 30, 150 అని చకచకా చెప్పేసింది. "కాస్ ఎక్స్ సున్నా అయితే ఏమ్మా, సున్నాతో భాగిస్తామా?" అన్నాను. కాసేపు నోటుబుక్కు వైపే చూస్తూ ఉండిపోయింది. కొట్టేయకుండా కామన్ తీసుంటే 90 కూడా వచ్చేది. ఏఏలో రెండేళ్లూ నేర్పేది ఇదే: ప్రతి మెట్టూ ఎందుకు వేశానో చెప్పగలగడం. పద్ధతికి విడిగా మార్కులుంటాయి కాబట్టి, ఉత్త జవాబు రాసినవాడికి అన్ని మార్కులూ పడతాయన్న నమ్మకం లేదు.

ఏఐలో అన్ని పేపర్లకూ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంటుంది. అందుకే ఈజీ అన్న పేరు వచ్చింది. కానీ కాలిక్యులేటర్ లెక్క చేస్తుందే గాని ఏ లెక్క చేయాలో చెప్పదు. వొరొనోయ్ పటాలు అనే పాఠం ఉంది. వైజాగ్ మ్యాప్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, నరసింహనగర్, కంచరపాలెం రైతుబజార్ల దగ్గర నాలుగు చుక్కలు పెట్టిస్తాను. పక్కపక్క చుక్కల మధ్య లంబ సమద్విఖండన రేఖలు గీస్తే ఊరు నాలుగు ముక్కలవుతుంది. మన ఇల్లు ఏ ముక్కలో పడితే ఆ బజారే దగ్గర. అడవివరం నుంచి వచ్చే కుర్రాడు గీతల వంక చూసి, "మాస్టారూ, మా ఇంటి నుంచి దూరం సింహాచలం కొండ మీదుగా కొలిచాం. బండి అలా పోదు కదా" అన్నాడు. ఆరోజు క్లాసులో అంతకంటే మంచి మాట ఇంకొకటి రాలేదు. మనం వేసుకున్న నమూనా ఎక్కడ చెల్లదో పట్టుకోవడమే ఏఐ అడిగేది.

ఇదే పని హెచ్‌ఎల్‌లో చాలా బరువెక్కుతుంది. మాట్రిక్సుల్లో ఐగెన్ విలువలు, గ్రాఫ్ థియరీ, జంట డిఫరెన్షియల్ సమీకరణాలు, స్టాటిస్టిక్స్‌లో రకరకాల టెస్టులు. "కాలిక్యులేటర్ ఉంది కదా" అని ఇందులో చేరిన పిల్లలు ప్రశ్న చదివే సరికే టెన్షన్ పడిపోవడం నేను చూశాను. డేటా మీద నిజంగా ఇష్టం ఉండి, పెద్ద పేరా ఓపిగ్గా చదవగలిగే పిల్లలకు మాత్రం ఇది చాలా మంచి కోర్సు. దీన్ని చిన్నచూపు చూడకండి. కాకపోతే విదేశాల్లో ఇంజినీరింగ్‌కు కొన్ని యూనివర్సిటీలు ఏఏ హెచ్‌ఎల్‌నే అడుగుతాయి. వెళ్లాలనుకున్న కోర్సు పేజీ తెరిచి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

రెండింటికీ 20 శాతం మార్కులు ఎక్స్‌ప్లొరేషన్ అనే సొంత వ్యాసానివి, 12 నుంచి 20 పేజీలు. దాన్ని డబ్బిచ్చి రాయించే అలవాటు మన దగ్గరా మొదలైంది. అది పిల్లల నోటి దగ్గర ముద్ద లాక్కోవడమే. బీచ్‌లో ఆటుపోట్ల వేళలు రెండు వారాలు రాసుకుని దానికి కొసైన్ గ్రాఫ్ కుదురుతుందా అని చూసిన పిల్లవాడు, అమావాస్యకీ అష్టమికీ ఆ గ్రాఫ్ ఎందుకు తేడా కొట్టిందో తనే వెతుక్కుంటాడు.

జేఈఈ కూడా రాయిద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. ఏఐతో అది కుదరదు. ఏఏ హెచ్‌ఎల్ కొంతవరకు కలిసొస్తుంది గాని పారాబోలా, ఎలిప్స్, హైపర్‌బోలా పాఠాలు అందులో లేవు. జేఈఈ మెయిన్ జనవరి, ఏప్రిల్‌లో, మన దగ్గర ఎక్కువమంది రాసే ఐబీ పరీక్షలు మే నెలలో. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లలకు ఏప్రిల్ నెల నరకం.

ఐజీసీఎస్‌ఈ లెక్కల్లో కోర్ (తేలిక స్థాయి) రాసిన పిల్లలను ఏఏకి పంపొద్దు. కోర్‌లో వచ్చే పై గ్రేడే సి. ఎక్స్‌టెండెడ్ (పై స్థాయి) రాసినా, 2025కు ముందు రాసినవాళ్లకు, ఎక్కువమంది తీసుకునే మామూలు లెక్కల పరీక్షలో కాలిక్యులేటర్ లేని పేపర్ లేదు. అలాంటివాళ్లకు ఏఏ మొదటి రెండు నెలలు చేతి లెక్కల సాధనతోనే గడుస్తాయి. అయినా అటు మొదలుపెట్టడమే నయం. ఏఏ నుంచి ఏఐకి మారడం కుదురుతుంది, ఏఐ నుంచి ఏఏకి రావడం చాలా కష్టం.

మన ఊళ్లో ఐబీ బ్యాచ్‌లు చిన్నవి. ఏఐ హెచ్‌ఎల్‌కు ఇద్దరు ముగ్గురే ముందుకొస్తే ఆ క్లాసు పెట్టకపోవచ్చు. ఈ నాలుగింటిలో ఈ ఏడాది నిజంగా ఏవి నడుపుతున్నారు, ఎవరు చెబుతున్నారు అన్నది ఫీజు కట్టకముందే స్కూల్లో అడగండి. వీలైతే పిల్లవాణ్ణి ఏఏ, ఏఐ రెండు క్లాసుల్లోనూ ఒక్కో పూట కూర్చోనివ్వమనండి.