సేష్ వన్: కాన్పుతో పాదం పెరిగితే జత మార్చి ఇస్తామన్న బూటు

ముందే చెప్పాలి, సేష్ వన్ పరుగు కోసం చేసిన బూటు కాదు. సేష్ కంపెనీ పెట్టిన అమెరికా పరుగుల క్రీడాకారిణి అలిసన్ ఫీలిక్స్ పేరు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో 400 మీటర్లు 49.46 సెకన్లలో పరిగెత్తి కంచు గెలిచినప్పుడు ఆమె కాళ్లకున్నవి సేష్ స్పైక్సే (అడుగున ముళ్లుండే పరుగు పందెం బూట్లు), కానీ అవి ఆమె కోసం విడిగా చేసినవి. వన్ మాత్రం ఆఫీసుకీ బజారుకీ వేసుకునే స్నీకర్. విడుదలైనప్పుడు ధర 150 డాలర్లు. ఆ డబ్బుకి అసలైన రన్నింగ్ షూ వస్తుంది కాబట్టి రోజూ జాగింగ్ చేసేవాళ్లు ఇటు చూడనక్కర్లేదు.

దీని విలువ మొదట అచ్చులో ఉంది. బూటు కుట్టే అచ్చును మగవాళ్ల పాదానికి చేసి, దాన్నే చిన్నది చేసి, రంగు మార్చి ఆడవాళ్లకు అమ్మడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. ఆడవాళ్ల పాదంలో ముందు భాగంతో పోలిస్తే మడమ సన్నం. మగ అచ్చులో వేళ్ల దగ్గర సరిపోతే మడమ జారి బొబ్బ లేస్తుంది, మడమ పట్టుకుంటే చిటికెనవేలు నలుగుతుంది. లేసు ఎంత బిగించినా లాభం లేదు. సేష్ ఆడవాళ్ల పాదం కొలతలతోనే అచ్చు చేయించింది.

రెండోది, 2022లో ప్రకటించిన మార్పిడి షరతు: గర్భం వల్ల సైజు మారితే కొత్త జత ఉచితం. ఇది ఊరికే పుట్టలేదు. ఫీలిక్స్‌కు 2018 నవంబరులో ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) వల్ల 32వ వారంలోనే ఆపరేషన్ చేసి కూతురిని తీశారు. అంతకుముందు తనకు స్పాన్సర్‌గా ఉన్న నైకీ, కొత్త ఒప్పందానికి మునుపటికంటే 70 శాతం తక్కువ ఇవ్వజూపిందని ఆమె 2019లో బాహాటంగా రాసింది. ఆ ఏడాదే దోహా ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో, కాన్పయిన పది నెలలకు, ఆడా మగా కలిసి పరిగెత్తే మిక్స్‌డ్ రిలేలో స్వర్ణం. సొంత కంపెనీ ఆ తర్వాతి మాట.

గర్భంలో పాదం రెండు రకాలుగా పెరుగుతుంది. నీరు పట్టి ఉబ్బింది ప్రసవమయ్యాక తగ్గుతుంది. కీళ్ల పట్టీలు సడలి, బరువుకు అరికాలి వంపు దిగి పొడవు పెరిగితే మాత్రం అలాగే ఉండిపోవచ్చు. అందుకే ఏడో నెలలో కొలిచి ఆర్డరు పెట్టడం తొందరపాటు. వాపు పూర్తిగా దిగాక సాయంత్రం పూట కాగితం మీద రెండు కాళ్లూ మోపి నిలబడి, మడమ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి దాకా గీసుకోవాలి. కూర్చుని గీస్తే తక్కువ చూపిస్తుంది. రెండు పాదాల్లో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుని, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ వదలాలి.

డబ్బు కట్టే రోజున ఆ మార్పిడి షరతు ఇంకా అమల్లో ఉందో లేదో, మీరుండే దేశానికి వర్తిస్తుందో లేదో చూసుకోండి. అది లేకపోతే 150 డాలర్లు ఎక్కువే.