‘ఫారిన్ లాన్’ వేస్తామని ఇంటికి వస్తే అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు కొత్తగా ఇల్లు కట్టుకుని, ముందున్న కాస్త జాగాలో పచ్చిక పెంచుకుందామనుకునే వాళ్ళందరికీ ఈ మాట. ఎవరైనా వచ్చి "ఫారిన్ గడ్డండీ, విత్తనంతో వేస్తాం, పట్టులా ఉంటుంది" అంటే డబ్బులు చేతిలో పెట్టకండి. మేం పెట్టి 52 వేలు పోగొట్టుకున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు.

మాది విజయనగరం ఊరి చివర లేఅవుట్. గేటు నుంచి వరండా దాకా 600 చదరపు అడుగుల ఖాళీ. పైడితల్లమ్మ సిరిమాను అయిన మరుసటి వారం పని మొదలెట్టారు. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి దింపి, ఇసుక, గత్తం కలిపి, చదును చేసి విత్తనం చల్లారు. ప్యాకెట్ల మీద కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రై, ఫెస్క్యూ అని మూడు పేర్లున్నాయి. రై అయితే వారానికే మొలిచింది. డిసెంబరు వచ్చేసరికి చేత్తో నిమిరితే చంటిపిల్ల జుత్తులా ఉండేది. ఆ మురిపెంలో ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాను. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ అక్కడే ఫొటోలు దిగారు. ఇద్దరు ముగ్గురు ఆ లాన్ వేసినవాళ్ళ ఫోన్ నంబరు కూడా తీసుకున్నారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫిబ్రవరి ఆఖరుకి కొసలు పసుపు తిరిగాయి. పిలిస్తే నీళ్ళు చాలట్లేదన్నారు. పొద్దుటా సాయంత్రం బోరు వేసి తడిపాం. రాత్రంతా తడి ఆరక పళ్ళెమంత గుండ్రటి మచ్చలు లేచి కుళ్ళడం మొదలైంది. దానికి మందు కొట్టి వేరే బిల్లు. ఏప్రిల్ మూడో వారానికి మొత్తం ఎండుగడ్డే. మే నెలలో మిగిలింది ఒక్క తుంగ. అది కూడా వాళ్ళు దింపిన మట్టిలో గడ్డలతో వచ్చిందే, ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నాం.

మా అన్నయ్య కొడుకు అమెరికాలో మిన్నియాపాలిస్ దగ్గర ఉంటాడు. ప్యాకెట్ల ఫొటోలు పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "అత్తా, ఇది మా ఇంటి ముందున్న గడ్డే. చలికాలమంతా మంచు కింద పడుకుని మళ్ళీ లేస్తుంది. జూలైలో ఎండ ముదిరితే ఇక్కడే డీలా పడిపోతుంది, అక్కడ ఎలా బతుకుతుందనుకున్నారు?" అన్నాడు. ఆ గడ్డికి 15 నుంచి 24 డిగ్రీల చల్లదనం కావాలి. అందుకే అక్కడివాళ్ళు ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్యలోపు విత్తుకుంటారు, చలి ముదిరేలోగా వేరు దిగాలని. మనకి డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడతాయి గనక ఆ రెండు నెలలూ కళకళ్ళాడింది. డిసెంబరులో కంటికి కనబడ్డ పచ్చదనం నిజమే. మన ఊళ్ళో దాని ఆయుష్షే అంత.

ఇక బిల్లులు. అన్నీ వాడికి చదివి వినిపించాను. డిసెంబరులో "వింటరైజర్ ఎరువు" అని ఉంది. అది అక్కడ నేల గడ్డకట్టే ముందు, వేరులో బలం నిలవుండాలని వేసేది. ఫిబ్రవరిలో "స్నో మోల్డ్ నివారణ". గడ్డి మీద మంచు నెలల తరబడి పేరుకుంటే దాని కింద పట్టే బూజు అది. మార్చిలో "క్రాబ్ గ్రాస్ ప్రీ ఎమర్జెంట్". చలి పోయాక నేల వేడి 13 డిగ్రీలకు చేరే రోజులు చూసుకుని, కలుపు మొలవకముందే అక్కడ చల్లుతారట. విజయనగరంలో నేల 13 డిగ్రీలకి ఎన్నడు దిగింది? చలిదేశం వాళ్ళ పనుల పట్టీ ఎత్తి మన బిల్లు పుస్తకంలో రాసి డబ్బులు వసూలు చేశారు. ఇంతకీ నిజంగా ఏం కొట్టారో చెప్పరు. ఖాళీ డబ్బాలు చూపించమంటే పారేశామన్నారు. ఆ గడ్డి మీద మా మనవరాలు రోజూ కూర్చుని ఆడుకునేది. డబ్బు పోయినదానికన్నా నాకు దీనిమీదే ఎక్కువ కోపం.

మా వీధి చివర నర్సరీలో పనిచేసే పెద్దాయన వచ్చి చూసి, "గరికెయ్యండమ్మా. గొడ్డు మేసినా, ఎండ కాల్చినా, వాన పడితే మళ్ళీ నెగుస్తాది" అన్నాడు. అమెరికాలో దక్షిణాది ఊళ్ళలో బెర్ముడా అని ఇళ్ళ ముందు పెంచేది మన వినాయకచవితి గరికేనని మేనల్లుడూ చెప్పాడు. దానికి 27 నుంచి 35 డిగ్రీల వేడి ఇష్టం. నీడ మాత్రం పనికిరాదు, మామిడి చెట్టు కింద వేసి రాలేదనకండి. తొలకరి తర్వాత నాటితే నీళ్ళ బాధ కూడా తగ్గుతుంది.

ఎవరితో ఒప్పుకున్నా ముందు ఒక్కటి అడగండి: వాళ్ళు వేసిన లాన్లలో ఒక మే నెల దాటి బతికున్నది తీసుకెళ్ళి చూపించమనండి. మమ్మల్ని తీసుకెళ్ళినవన్నీ డిసెంబరు లాన్లే. ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్ష తేదీ ఉన్నాయో లేదో చూసి ఫొటో తీసి ఉంచుకోండి. సగం డబ్బు వేసవి అయ్యాకే ఇస్తానని కాగితం మీద రాయించండి. కొట్టే ప్రతి మందు డబ్బా మీ కళ్ళ ముందే మూత తీయించండి.

ఇప్పటికే మోసపోయిన వాళ్ళు 1915 కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయితే రెండేళ్ళలోపు కేసు వేయాలి, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. నేను బిల్లులన్నీ జతచేసి ఇచ్చాను.

వాళ్ళు ఇప్పుడు రాజాం, చీపురుపల్లి వైపు కొత్త లేఅవుట్లలో తిరుగుతున్నారని మా ప్లంబర్ చెప్పాడు. దసరా దాటి చల్లబడగానే మొదలుపెడతారు. మీ ఇంటికి వస్తే నాకు మెసేజ్ పెట్టండి. మా జాగా సంక్రాంతికి ఎలా ఉందో, మే నెలలో ఎలా ఉందో రెండు ఫొటోలూ పంపిస్తాను.