టైమ్‌ని కంటికి చూపించే టైమర్

మా బాబు నాలుగో తరగతి. ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి ఇబ్బంది. "పది నిమిషాల్లో స్కూల్ బస్సు వచ్చేస్తుంది నాన్నా" అంటే, ఆ పది నిమిషాలు ఎంతో వాడికి అందదు. అది బద్ధకం కాదు. ఈ పిల్లల్లో చాలామందికి సమయాన్ని అంచనా వేయడమే కష్టం. అందుకే ద్వారకానగర్‌లో ఈ 60 నిమిషాల విజువల్ టైమర్ కొన్నాను. తిప్పి పెడితే ఎర్ర రంగు తరిగిపోతూ, ఇంకా ఎంత టైమ్ ఉందో కనిపిస్తుంది.

బాగా పనికొచ్చింది హోంవర్క్ దగ్గర. లెక్కలన్నీ ఒకేసారి ముందు పెట్టకుండా మూడేసి ఇస్తాను. పది నిమిషాలు తిప్పుతాం. అవగానే అక్కడికక్కడే మెచ్చుకుని, కాసేపు బాల్కనీలో గెంతనిస్తాను. ఇప్పుడు టైమర్ తిప్పేది వాడే! నాకు అన్నిటికన్నా సంతోషం అదే.

అలారం మాత్రం మరీ గట్టిది, తగ్గించే వీలు లేదు. శబ్దాలకు ఉలిక్కిపడే పిల్లలకు ఇబ్బందే. బ్యాటరీ మూత కూడా వదులు. డబ్బా మీద "ఏకాగ్రత పెంచుతుంది" అని రాశారు, అలా రాయకూడదు. డాక్టరు చెప్పిన మందులకీ, థెరపీకీ ఇది బదులు కాదు. కొంటే పిల్లాడు రాసుకునే బల్ల మీదే పెట్టండి, హాల్లో గోడకు తగిలిస్తే దండగ.