గట్టు మీద తెలుగు డిక్టేషన్: ఫోను, కాలర్ మైకు, రికార్డరు వాడి చూశాక

రొయ్యల గుంటల దగ్గర రోజువారీ లెక్కలు, విజిట్ రిపోర్టులు ఫోనుకు చెప్పి రాయించుకోవచ్చా అని నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు టెక్నీషియన్లు తరచూ అడుగుతుంటారు. రాయించుకోవచ్చు. కాకపోతే గట్టు మీద నిలబడి అక్కడికక్కడే అక్షరాలు రావాలంటే విసుగే మిగులుతుంది. గట్టు మీద మాటను పట్టుకోవడం వరకే చేయాలి, అక్షరం చేసే పని గదిలో పెట్టుకోవాలి. మామూలు ఆండ్రాయిడ్ ఫోను, వైరు కాలర్ మైకు, జేబులో పట్టే డిజిటల్ రికార్డరు, ఈ మూడింటినీ కొన్ని పంటల పాటు వాడాక తేలిన సంగతి ఇది.

ముందు ఫోను. గూగుల్ తన వాయిస్ టైపింగులో తెలుగును 2017 ఆగస్టులో చేర్చింది. గూగుల్ కీబోర్డు యాప్ అయిన జీబోర్డు సెట్టింగుల్లో లాంగ్వేజెస్‌లోకి వెళ్లి తెలుగు కీబోర్డు పెట్టుకుని, వాయిస్ టైపింగ్ భాగంలో కూడా తెలుగు ఎంపికై ఉందో లేదో చూసుకోవాలి. భాష మార్చాలంటే స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే చాలు. కీబోర్డు ఇంగ్లిషులో ఉండగానే మైకు నొక్కి, తెలుగులో మాట్లాడి, వచ్చిన చెత్త చూసి ‘దీనికి తెలుగు రాదు’ అని వదిలేసిన వాళ్లు చాలామందే ఉన్నారు.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఫోను నోటికి జానెడు లోపు పట్టుకుని, ఊపిరి నేరుగా మైకు రంధ్రానికి తగలకుండా కాస్త పక్కగా మాట్లాడితే మామూలు వాక్యాలు బాగానే వస్తాయి. ఆలోచించుకుంటూ నాలుగు క్షణాలు ఆగితే మైకు ఆగిపోతుంది, అది గమనించకుండా మాట్లాడుకుంటూ పోతే ఆ మాటలు గాలికే. అందుకే ఏం చెప్పాలో వాక్యం మొత్తం అనుకుని అప్పుడు నోరు తెరవాలి.

చుక్కలు, కామాలు నోటితో పెట్టించుకోవడం మాత్రం తెలుగులో నమ్మకంగా కుదరదు. ‘ఫుల్‌స్టాప్’ అంటే చాలాసార్లు ఆ మాటే రాసి పెడుతుంది. దాన్నే ఉపాయంగా మార్చుకోవచ్చు. వాక్యం అయిన ప్రతిసారీ ‘ఫుల్‌స్టాప్’ అని చెప్పేసి, చివర్లో గూగుల్ డాక్స్‌లో మూడు చుక్కలు నొక్కి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఒకేసారి మార్చేయాలి. ఆ మాట కొన్నిచోట్ల కలిసి, కొన్నిచోట్ల విడిపోయి పడుతుంది కాబట్టి రెండు రూపాలకూ విడివిడిగా కొట్టాలి. వెతికే గడిలో మాటకు ముందు ఒక ఖాళీ కూడా ఇవ్వండి, లేకపోతే చుక్క వాక్యానికి ఎడంగా పడుతుంది.

అసలు చిక్కు యాసతోనూ అంకెలతోనూ. ‘మూడో గుంటలో నీళ్ల రంగు మారి ఉండాది’ అని చెప్తే ‘మారి ఉండాలి’ అని పడుతుంది. చూడటానికి వాక్యం శుభ్రంగా ఉంటుంది, అర్థం మాత్రం తారుమారు. తప్పు స్పెల్లింగు అయితే కంటికి తగులుతుంది, ఇలాంటిది తగలదు. రిపోర్టు చదివే మేనేజరు రంగు ఎందుకు మారాలా అని బుర్ర గోక్కుంటాడు. కాబట్టి డిక్టేషన్ వరకు ‘ఉంది’, ‘ఎలా’, ‘అలా’ అని పేపరు భాషలో మాట్లాడటమే మేలు, ‘ఎట్టా’, ‘అట్టా’లు ఇంట్లోకి దాచుకోవచ్చు.

పదిహేను, పదిహేడు రొదలో ఒకటిగానే వినపడతాయి. మేత కిలోలు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), నీళ్లలో ఆక్సిజన్ లాంటివి రెండు విధాలా చెప్పాలి: ‘పదిహేడు, ఒకటి ఏడు’. తర్వాత సరిచూసేటప్పుడు రెండూ కలిస్తేనే నమ్మాలి. అంకెను ఒకచోట అక్షరాల్లో, ఇంకోచోట అంకెల్లో వేస్తుంది, అది దిద్దుకోవాల్సిందే. ఊరి పేర్ల విషయానికొస్తే, మన వైపు పాళెం అని రాసేచోట పాలెం అని పడుతుంది. బుచ్చిరెడ్డిపాళెం లాంటివి పర్సనల్ డిక్షనరీలో చేర్చుకుంటే మైకు బాగుపడుతుందన్న భరోసా లేదు. వాటికి రెండక్షరాల షార్ట్‌కట్ పెట్టుకుంటే చేత్తో దిద్దేటప్పుడు మాత్రం పని తేలిక.

ఇక మైకు. ఫోను మార్చడం కన్నా మైకు మార్చడమే ఎక్కువ తేడా చూపించింది. గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు రెక్కలు నీళ్లను కొట్టే చప్పుడు ఒక్క స్థాయిలో ఉండదు, బొంగురు నుంచి కీచు దాకా అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుని ఉంటుంది. అందుకే దాన్ని యాప్ వడకట్టలేదు. పైగా గట్టిగా వడకడితే హల్లులు కూడా కొట్టుకుపోతాయి. మైకును నోటికి సగం దూరానికి తెస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఏరేటరు రొద ఎంత ఉందో అంతే ఉంటుంది. కాలర్ మైకు లాభమంతా ఇక్కడే. గడ్డానికి జానెడు కింద, చొక్కా గుండీల పట్టీకి తగిలించి, ఏరేటరుకు వీపు పెట్టి నిలబడితే ఒళ్లే అడ్డుగోడ అవుతుంది. సముద్రపు గాలికి స్పాంజి తొడుగు తప్పనిసరి. వైరును చొక్కా లోపల ఒక చుట్టు చుట్టి క్లిప్పుకు బిగించకపోతే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా గరగర వస్తుంది.

కొనేటప్పుడు పిన్ను చూడాలి. ఫోనుకు మూడు నల్ల గీతలున్న నాలుగు భాగాల పిన్ను కావాలి. రెండు గీతల పిన్ను కెమెరాకు పనికొస్తుంది, ఫోను దాన్ని మైకుగా గుర్తించదు. బటన్ సెల్లుతో నడిచే రకాలకు చిన్న డబ్బాలో స్విచ్ ఉంటుంది, ఫోనుకు వాడేటప్పుడు దాన్ని స్మార్ట్‌ఫోన్ వైపు పెట్టాలి. టైప్-సి రంధ్రం మాత్రమే ఉన్న ఫోన్లకు లోపల చిప్పు ఉన్న అడాప్టరే తీసుకోండి, ఉత్త వైర్లు కలిపిన చవక రకంలో చాలా ఫోన్లలో మైకు పలకదు. తగిలించాక రికార్డర్ యాప్ తెరిచి కాలర్ మైకును గోటితో గీకి, వెంటనే విని చూడండి. గీకుడు దూరంగా వినపడితే ఫోను సొంత మైకే పనిచేస్తోందని అర్థం.

బ్లూటూత్ హెడ్‌సెట్లు డిక్టేషన్‌కు వద్దు. పాటలు వినే దారి వేరు, మైకు పనిచేసే కాల్ దారి వేరు. ఆ కాల్ దారిలో పాత పద్ధతి హెడ్‌సెట్ 8 కిలోహెర్ట్జ్ వేగంతోనే శబ్దాన్ని తీసుకుంటుంది, అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. ‘స’, ‘ఫ’ల ఊదుడు చాలావరకు ఉండేది ఆ పైభాగంలోనే. సీడు (రొయ్య పిల్లలు) అంటే ఫీడు (మేత) అని, ఫీడు అంటే సీడు అని పడటానికి కారణం అదే, రొయ్యల లెక్కల్లో ఇంతకన్నా చెడ్డ పొరపాటు ఇంకోటి ఉండదు. కొత్త రకాలు 16 కిలోహెర్ట్జ్ వేగంతో తీసుకుంటాయి, అవి కాస్త నయం, కానీ వైరుకు సాటి రావు.

రికార్డరు దగ్గరికొస్తే, ఇప్పుడు గట్టు మీద వాడేది ఇదొక్కటే. తడి చేతులతో బటన్ నొక్కొచ్చు, ఎండలో ఫోనులా వేడెక్కి మొరాయించదు, నెట్ అక్కర్లేదు, మాట ఎక్కడికీ పోదు. గొంతు వచ్చినప్పుడే రికార్డు చేసే వీఓఆర్‌ను మాత్రం ఆపేయాలి, అది మొదటి అక్షరాన్ని మింగేస్తుంది. ‘పదకొండు’లో ‘పద’ పోతే మిగిలేది ‘కొండు’. లో కట్ ఆన్‌లో పెడితే గాలి బూరబూర తగ్గుతుంది. మైకు సెన్సిటివిటీ తక్కువలో పెట్టి నోటి దగ్గర మాట్లాడాలి. 128 కేబీపీఎస్ ఎంపీ3లో గంటకు సుమారు 58 ఎంబీ అవుతుంది, 4 జీబీ రికార్డరులో అరవై గంటల దాకా పడుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ పెడితే గంటకు 635 ఎంబీ, అయిదారు గంటలకే నిండుతుంది. మాటకు అంత అవసరం లేదు. ఒక్కో గుంటకు ఒక్కో ఫైలు చేసి, మొదటి మాటగా గుంట నంబరు, టైము చెప్పే అలవాటు చేసుకోండి: ‘మూడో గుంట, తెల్లారి నాలుగు, ఆక్సిజన్ మూడు పాయింట్ ఎనిమిది, చెక్ ట్రేలో మేత మిగిలింది’. జేబులో వేసే ముందు, బటన్లు వాటంతటవే నొక్కుకోకుండా హోల్డ్ స్విచ్ జరపాలి.

గదికి వచ్చాక ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ప్లే వేగం ముప్పావుకు తగ్గించి, వింటూ అదే మాటను శుభ్రంగా తిరిగి చెప్పడం. ల్యాప్‌టాప్ ఉంటే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి టూల్స్‌లో వాయిస్ టైపింగ్, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి, భాష తెలుగు పెట్టుకుంటే పెద్ద రిపోర్టులకు ఫోను కన్నా సుఖం. యాస, ఊరి పేర్లు, అంకెలు నోట్లోంచి వెళ్లేటప్పుడే సర్దుకుంటాయి. మొదట్లో నత్తనడకే, చెవికీ నోటికీ పొత్తు కుదిరాక టైపు చేయడం కన్నా త్వరగా తెమిలిపోతుంది.

రికార్డు ఫైలును నేరుగా సాఫ్ట్‌వేర్‌కే ఇచ్చి రాయించుకోవచ్చు కదా అంటారు. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో బయటపెట్టిన విస్పర్ తెలుగునూ రాస్తుంది, సొంత కంప్యూటర్లోనే నడుస్తుంది. అది ఆడియోను 30 సెకన్ల ముక్కలుగా తీసుకుంటుంది. మాట లేకుండా ఉత్త రొద ఉన్నచోట అనని మాటలు పుట్టించే గుణం ఉంది. చిన్న మోడళ్లు తెలుగుకు పనికిరావు, పెద్దది గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో పాకుతుంది. గదిలో జరిగిన మీటింగుకు చిత్తుప్రతిగా వాడుకోవచ్చు. ఏరేటరు పక్కన చెప్పిన ఆక్సిజన్ అంకెకు దాన్ని నమ్మకండి.

నిర్వహణ పెద్దగా లేదు. ఉప్పు గాలికి, మేత దుమ్ముకు ఫోను కింది మైకు రంధ్రం పూడుకుపోయి గొంతు గుడ్డ కప్పినట్టు వస్తుంది. పిన్నుతో పొడిస్తే లోపలి పొర చిరుగుతుంది, పొడి టూత్‌బ్రష్ చాలు. పై అంచున ఉండే రెండో మైకు రొద తగ్గించడానికి, దాన్ని కవరు మూసేస్తే ఆ పని జరగదు. రికార్డరు వాడని రోజుల్లో సెల్లులు తీసి పెట్టండి, కారితే కాంటాక్టులు పచ్చగా తుప్పు పడతాయి. డబ్బు ఒకదానికే ఉంటే ముందు కాలర్ మైకు కొని, ఫోనులోనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి రికార్డర్ యాప్‌తో మొదలుపెట్టొచ్చు. మధ్యలో కాల్ వస్తే రికార్డింగు తెగిపోయే బాధ ఉండదు.