గుణుపూర్ లైనులో చాక్లెట్టూ, వేరుశనగ అచ్చూ

చాక్లెట్ల సరుకు వేస్తూ ముప్పై ఏళ్లు తిరిగిన లైను ఇది. మొన్న మే నెలలో మనవణ్ణి తీసుకుని మళ్లీ వెళ్లాను. విశాఖలో గుణుపూర్ పాసింజరు ఎక్కితే నౌపడ దగ్గర పెద్ద లైను వదిలేసి టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశాలోని పర్లాకిమిడి చేరుస్తుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు దారే ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. టికెట్టు చవక. తాగే నీళ్లు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

పర్లాకిమిడిలో దిగిన లాడ్జి పేరు చెప్పను. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటరు లేదు. "వచ్చేస్తాది సార్" అంటూనే సాయంత్రం చేశారు. ఆ వేడిలో మావాడు కింద కొట్లో చాక్లెట్టు కొనుక్కొచ్చాడు. కాగితం విప్పితే వంకర తిరిగిపోయి, పైన తెల్లటి పొర. "బూజు పట్టింది తాతా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బూజు కాదు నాన్నా, కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కరిగి మళ్లీ గడ్డకట్టేటప్పుడు పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది అని చెప్పాను. ఈ తెల్ల పొర చూపించి ఎంతమంది కొట్టువాళ్లు నాకు సరుకు తిప్పి పంపారో!

1847లో ఇంగ్లండులో ఫ్రై కంపెనీవాళ్లు మొదటి చాక్లెట్ బార్ అచ్చుపోశారు. అది చలిదేశం సరుకు. 1937లో అమెరికా సైన్యం ఎండకు తట్టుకునే బార్ కావాలని హెర్షీ కంపెనీని అడిగింది. రుచి ఉడికించిన బంగాళాదుంప కంటే కాస్త మెరుగ్గా ఉంటే చాలంది, మరీ బావుంటే సిపాయిలు ఆకలికి దాచుకోకుండా ముందే తినేస్తారని. మన దేశానికి క్యాడ్‌బరీ 1948లో వచ్చింది, వాళ్ల ఫైవ్‌స్టార్ చాక్లెట్టు 1969లో. ఈ లైనులో వేసవి వస్తే మాత్రం మా అమ్మకాలు నిలబెట్టింది చిత్తూరు న్యూట్రిన్ లాంటి గట్టి బిళ్లలే. గాజు జాడీలో పోసి కౌంటరు మీద పెడితే చాలు, ఫ్రిజ్‌తో పనిలేదు.

మర్నాడు గుణుపూర్ వెళ్లాం. వంశధార ఒడ్డున ఊరు. ఇక్కడి లాడ్జి చిన్నది, ఏసీ లేదు, గోడలకి సున్నం రాలుతోంది. అయినా తెల్లవారి అయిదింటికే బకెట్టుతో వేడినీళ్లు గుమ్మంలో పెట్టారు, ఫ్యాను రాత్రంతా ఆగలేదు. నన్నడిగితే పర్లాకిమిడిలో కోట చూసి, రాత్రికి గుణుపూర్‌లోనే ఉండండి.

బజారులో ఒక తెలుగావిడ వేరుశనగ అచ్చు చేస్తోంది. బెల్లం పాకం పొంగుతుంటే గరిటెతో ఒక బొట్టు తీసి గిన్నెలో నీళ్లలో వేసింది. చల్లారాక దాన్ని రాతి మీద వేస్తే టంగుమంది. వెంటనే వేయించి పొట్టు చెరిగిన పప్పు కుమ్మరించి, నూనె రాసిన బండ మీద పరిచి, కర్రతో ఒత్తి, వేడి ఆరకముందే కత్తితో గీతలు పెట్టేసింది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ముక్క తెగదు, పగులుతుంది.

"ఎండకి కరగదా అమ్మా?" అన్నాను.

"ఎండకేటవదు బాబూ. వానాకాలమే బెంగ. గాలి తగిల్తే సాగిపోద్ది."

ఆ మాటతో నా ఉద్యోగమంతా కళ్లముందు తిరిగింది. 1930లో అమెరికాలో వచ్చిన స్నికర్స్ బార్ లోపలున్నదీ ముఖ్యంగా వేరుశనగపప్పూ, పాకమూనే. వాళ్లు పైన చాక్లెట్టు పోసి, గాలి చొరని కాగితం చుట్టి, ఎంత దూరమైనా పంపగలిగారు. ఈవిడ సరుకుకి ఆ కాగితం ఒక్కటే తక్కువ. రుచికి తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను.

కిలో తీసుకున్నాం. స్టీలు డబ్బా పట్టుకెళ్లండి, ఆవిడ న్యూసుపేపరులో కట్టి ఇస్తుంది. తొమ్మిదిలోపు వెళ్తే వేడిది దొరుకుతుంది. ఆ తర్వాతైతే ముందురోజుదే.